అలీఫ్ తెలిసినోళ్లకి అ రాదా?

మా అమ్మలు చదువురాని వాళ్లు కాదు. ఈ మాట మొదటే చెప్పుకోవాలి. పొద్దున ఫజర్ నమాజు అయ్యాక రెహల్ మీద ఖురాన్ పెట్టుకుని, ఎక్కడ ఆగాలో ఎక్కడ సాగదీయాలో అన్నీ పాటిస్తూ, ఒక్క అక్షరం జారిపోకుండా చదివే అమ్మలు మావాళ్లు. అదే అమ్మలు పదిగంటలకి రేషన్ షాపులో ఎడమచేతి బొటనవేలు సిరా ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద నొక్కి, మిగిలిన సిరా గోడకి తుడుచుకుని వచ్చేవాళ్లు. మా గల్లీ మొగదలలో ఉన్న ఆ షాపు గోడ నిండా ఆ మరకలే. పొద్దున చదువుకున్న మనిషి పదిగంటలకల్లా వేలిముద్ర మనిషి ఎట్టా అయిపోయిందో మాకు చిన్నతనంలో అర్థమయ్యేది కాదు.

జనాభా లెక్కల వాళ్ల దగ్గర దీనికి జవాబుంది. ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడమూ రాయడమూ రెండూ వచ్చినవాళ్లే అక్షరాస్యులు. మా అమ్మలు చదువుతారు, అర్థం తెలియదు. రాయడం అసలే నేర్పలేదు. కాబట్టి లెక్కలోకి రారు. ఆ నిర్వచనం తప్పని మేం అనడం లేదు. అర్థం తెలియని చదువుతో బస్సు బోర్డు చదవలేం, మందు సీసా మీద రాసింది చదవలేం. కానీ ఆ ఒక్క నిర్వచనంతో మా అమ్మల దగ్గరున్నదంతా సున్నా కింద కొట్టేయడం మాత్రం మాకు మింగుడుపడదు. సున్నా కాదని మేం కళ్లారా చూశాం. ఆ చూసిందే ఇక్కడ రాస్తున్నాం.

మాది నెల్లూరు జిల్లా. మసీదు వెనక గల్లీ. ఒక వరసలో ఉర్దూ మాట్లాడే సాయిబుల ఇళ్లు. ఎదురు వరసలో దూదేకుల వాళ్లవి. మా వరసలో మగాళ్లు రిక్షా, టైలరింగు, సైకిల్ రిపేరు. ఎదురు వరసలో దూది ఏకడం, పరుపులు కుట్టడం. మధ్యలో మూడు గజాల సందు. ఆ సందు వెడల్పు మూడు గజాలే అయినా దాటడానికి తరాలు పట్టింది. దూదేకుల వాళ్ల ఇంటి భాష తెలుగు. ఉర్దూ రాదు కాబట్టి వాళ్లు సగం ముసల్మానులే అన్నట్టు మావాళ్లు మాట్లాడేవాళ్లు. బయటేమో వాళ్లనీ మమ్మల్నీ కలిపి 'తురకోళ్లు' అనేవాళ్లు. బయట ఒకటిగా తిట్లు తింటూ, లోపల వేరువేరుగా బతికాం. ఇది మా గొప్ప కాదు, సిగ్గు.

పిల్లలకి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండితే మా ఇళ్లలో బిస్మిల్లా చేస్తారు. కొత్త బట్టలు తొడిగి, పూలదండ వేసి, ఉస్తానీమా ఒళ్లో కూర్చోబెట్టి మొదటి అక్షరాలు అనిపిస్తారు. మిఠాయి పంచుతారు. మీ ఇళ్లలో అక్షరాభ్యాసం ఎట్టాగో మాకది అట్టా. దేవుడి నుంచి ప్రవక్తకి దిగిన మొదటి మాటే 'చదువు' అని మాకు ఆ రోజే చెబుతారు. మా అందరికీ బిస్మిల్లా అయింది. ఆడపిల్లలకీ అయింది. అయితే ఆడపిల్లల చదువు ఖాయిదా దగ్గర మొదలై ఖురాన్ ఖతమ్ దగ్గర ఆగిపోయేది. అక్కడికి పెద్ద చదువు అయిపోయినట్టే. తరవాత పెళ్లి.

మా చదువు ఇంకో చోట కూడా మొదలైంది, అంగన్‌వాడీలో. అది గల్లీ అవతల, రామాలయం పక్క గదిలో ఉండేది. అక్కడ మాకు జరిగిన మొదటి పరీక్ష గుర్తుంది. పిల్లి బొమ్మ చూపించి ఇదేంది అన్నారు. మా వాడొకడు "బిల్లీ" అన్నాడు. అందరూ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వింది. చెడ్డ మనిషేం కాదు, ఆమెకి నవ్వొచ్చింది, నవ్వింది. కానీ వాడు ఆ ఏడాదంతా బొమ్మ చూపిస్తే నోరు తెరవలేదు. వాడికి పిల్లి తెలుసు. పేరు తెలుసు. ఆ గదిలో చెల్లే పేరు తెలియదు, అంతే. బడికి వెళ్లాక ఇంకోరకం. 'నీళ్లు' అనమంటే 'నీల్లు' అనేవాళ్లం, 'బాణం' 'బానం' అయ్యేది. మా ఇంటి భాషలో ళ లేదు, ణ లేదు. అట్టాగే మా పేర్లలోని శబ్దాలు తెలుగు అక్షరాల్లో ఇమడవు. ఖాజా హాజరుపట్టీలో కాజా అయ్యాడు, మధ్యాహ్నానికల్లా వాణ్ణి తినే కాజా చేశారు. అమ్మల దగ్గరికెళ్లి ఏడిస్తే వాళ్లేం చేస్తారు? ఆ పట్టీలో ఏముందో వాళ్లకి కనపడదు.

భాషాపరమైన మైనారిటీల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించడానికి ప్రభుత్వాలు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతుంది. 1956లో చేర్చారు దాన్ని. మాకు దగ్గర్లో ఉర్దూ బడి లేదు. ఉన్నా పంపేవాళ్లమా అంటే అదీ చెప్పలేం. ఉర్దూ చదివితే ఉద్యోగం ఎక్కడొస్తుందని అబ్బాలు అనేవాళ్లు. దూదేకుల పిల్లలకి ఆ ప్రశ్నే లేదు, వాళ్ల మాతృభాష తెలుగే కదా. ముస్లిం అంటే ఉర్దూ అనుకునే పెద్దమనుషులు రెండు వైపులా ఉన్నారు, వాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవాలి.

1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. 1990 ఫిబ్రవరిలో కేరళలో ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన మొదటి జిల్లా అని ప్రకటించారు. ఆ వెనకే మా నెల్లూరు జిల్లాలో ఉద్యమం మొదలైంది. కళాజాతాలు, పాటలు, గోడల మీద రాతలు. మా గల్లీకి ఒక పిల్ల వచ్చింది వాలంటీరుగా. పదో తరగతి పాసైన పిల్ల, చాకలి వాళ్ల అమ్మాయి. మా ఇళ్ల బట్టలు వాళ్ల అమ్మే ఉతికేది. అందుకే ఆ పిల్లకి మా ఇళ్ల లోపలి దాకా దారి తెలుసు. వేరేవాళ్లయితే గుమ్మం దాటి ఉండేవాళ్లు కాదు.

మొదటి రాత్రి క్లాసు బడి వరండాలో పెట్టారు. మావాళ్లు ఒక్కరూ పోలేదు. రాత్రి పూట, వీధి దీపాల కింద, నలుగురు మగాళ్లు చూస్తుండగా పలక పట్టుకుని కూర్చోవడమా? అబ్బాలు ఒప్పుకోలేదు. "పడ్‌కే క్యా కలెక్టర్ హోతీ?" అన్నారు. చదువొస్తే ఉత్తరాలు రాస్తారు అన్న పాత భయం కూడా ఒకరిద్దరి నోటి నుంచి వినపడింది. ఎవరికి రాస్తారో, ఏం రాస్తారో వాళ్లకే తెలియాలి. మగాళ్లని మాత్రం అని లాభం లేదు. అమ్మలకీ మనసులేదు. పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి రావాలి? సాయంత్రం నమాజు, వంట, చంటిబిడ్డలు. ఆ పిల్ల మూడు రోజులు బడి వరండాలో లాంతరు ముందు ఒక్కతే కూర్చుంది.

నాలుగో రోజు ఆ పిల్ల ఉస్తానీమా దగ్గరికి వెళ్లింది. ఉస్తానీమా అంటే మా అందరికీ, మా అమ్మలకీ ఖాయిదా చెప్పిన ముసలామె. "అవ్వా, మీ అరుగు ఇస్తారా" అని అడిగింది. ఉస్తానీమా ఏమీ అనకుండా లోపలికెళ్లి చాప తెచ్చి పరిచింది. అంతే. ఉస్తానీమా ఇంటికి ఆడవాళ్లు పోతే అడిగే మగాడు మా గల్లీలో లేడు. ఎందుకంటే వాళ్లకీ ఆమే బెత్తంతో ఖాయిదా నేర్పింది. క్లాసు రాత్రి నుంచి మధ్యాహ్నానికి మారింది, జొహర్‌కీ అసర్‌కీ మధ్య. పిల్లల్ని వదిలే చోటు లేదు కాబట్టి వెంట తెచ్చుకున్నారు. అట్టా మేం కూడా ఆ చాప మీదకి చేరాం.

ఇప్పుడు దీన్ని కుటుంబ అక్షరాస్యత అంటున్నారు. తల్లినీ బిడ్డనీ కలిపి చదివిస్తే ఇద్దరికీ వస్తుందని ప్రాజెక్టులు రాస్తున్నారు. మంచిదే. మా అరుగు మీద ఎవరూ ప్రాజెక్టు రాయలేదు. చంటిపిల్లని ఒళ్లో పెట్టుకోకపోతే కుదరదు, అందుకని పెట్టుకున్నారు.

మిషన్ లెక్క ప్రకారం మూడు వాచకాలు, సుమారు 200 గంటలు. వయసు 15 నుంచి 35. ఉస్తానీమాకి అరవై దాటాయి. ఆమె పేరు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. అయినా మా గల్లీకి తెలుగు వచ్చిందంటే సగం ఆమె పుణ్యమే. ఎట్టాగో చెబుతాం.

మొదటి వారం మా అమ్మ పలక మీద కుడివైపు నుంచి మొదలుపెట్టేది. 'అమ్మ' రాయమంటే కుడి చివర అ పెట్టి, దాని ఎడమన మ్మ పెట్టేది. తప్పు ఆమెది కాదు, ముప్పై ఏళ్లుగా వేలు అటునుంచే నడిచింది. మేం పక్కన కూర్చుని, "అమ్మా, ఇటునుంచి" అని చెయ్యి పట్టుకుని ఎడమవైపుకి లాగేవాళ్లం. అంగన్‌వాడీలో మేం నేర్చుకున్నది అదొక్కటే అప్పటికి. ఆమె నవ్వేది. తల్లికి బిడ్డ చెప్పడం, బిడ్డకి తల్లి చెప్పడం ఆ చాప మీద మామూలైపోయింది. కొన్ని అక్షరాలు మాకు ముందొచ్చాయి, కొన్ని ఆమెకి. ఱ ఎందుకుందో మాత్రం ఇద్దరికీ అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

గుణింతాల దగ్గర అందరూ ఆగిపోయారు. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం. ఆ పిల్ల గొంతు పోయేదాకా చెప్పింది. ఎవరికీ ఎక్కలేదు. మూలన తస్బీ తిప్పుకుంటూ వింటున్న ఉస్తానీమా ఉన్నట్టుండి అడిగింది, "అది జబర్ కదా?" అని. పలక తీసుకుని తలకట్టు మీద వేలుపెట్టి, "ఇది జబర్. గుడి జేర్. కొమ్ము పేష్" అంది. ఖాయిదా చదివినవాళ్లకి వేరే చెప్పాలా? 'బే జబర్ బ, బే జేర్ బి, బే పేష్ బు' అని నాలుగేళ్ల నుంచి వల్లించినవాళ్లు. అరుగు మీద ఒక్కసారిగా గోల. జబర్ పక్కన అలీఫ్ వస్తే దీర్ఘం. జజమ్ ఉంటే పొల్లు. తష్దీద్ ఉంటే అదే అక్షరం ఒత్తు, 'అమ్మ'లో మాదిరి. ఎ, ఒ గుణింతాలకి మాత్రం జోడీ దొరకలేదు, అవి కొత్తగా నేర్చుకున్నారు. మిగిలినవి వారంలో అయిపోయాయి. ఆ పిల్ల తెల్లబోయింది. తరవాత ఆమే పక్క వీధి క్లాసులో చెప్పిందట, సాయిబుల ఆడోళ్లకి తొందరగా వస్తుంది, వాళ్లకి ముందే ఏదో చదువుందని. 'ఏదో చదువు'. ఆ మాట మాకు ఇప్పటికీ గుర్తు. మా అమ్మల గురించి బయటి మనిషి అన్న మొదటి మంచిమాట అది.

మా చేతికొచ్చిన వాచకంలో మా పేర్లు, మా ఇళ్ల సంగతులు కనపడలేదు. దాన్ని పట్టించుకునేంత తీరిక మా అమ్మలకి లేదు. వాళ్లే మాటలు చెప్పారు, ఆ పిల్ల రాసింది. కాగితం. కలం. జవాబు. హాజరు. తారీఖు. అర్జీ. రసీదు. జిల్లా. ఒక్కో మాట బోర్డు మీద పడుతుంటే అమ్మలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇవి మన మాటలు కదా, తెలుగు ఎప్పుడయ్యాయి? ఆ పిల్లకీ ఆశ్చర్యమే. ఆమె అవి తెలుగే అనుకుంది. రెండూ నిజమే. తెలుగువాడు ఆఫీసుకెళ్లి నోరు తెరిస్తే వచ్చే మాటల్లో ఎన్ని మా నానీమాల నోట్లో నానినవో లెక్కపెట్టి చూడండి. మా భాష మీ ఆఫీసులో హాజరు. మేమే గైర్హాజరు.

దూదేకుల అమ్మలు ఎదురు వరస నుంచి వచ్చి మొదట అరుగు కింద నిలబడ్డారు. వాళ్లకి ళ, ణ పలుకుతాయి. కథ చదివితే అర్థం వెంటనే తెలుస్తుంది. మావాళ్లకి అక్షరం వచ్చాక కూడా మాట తెలియక తడబాటు. మెల్లగా వాళ్లు అరుగెక్కారు. వాళ్లు మా అమ్మలకి మాటల అర్థం చెప్పేవాళ్లు. వాళ్లలో కొందరికి ఖాయిదా రాదు, అది చెప్పించుకోవడానికి సిగ్గుపడి ఇన్నాళ్లు ఉస్తానీమా గడప తొక్కలేదు. క్లాసు అయ్యాక ఆమె వాళ్లని ఆపి అలీఫ్ నుంచి మొదలుపెట్టింది. మూడు గజాల సందు గురించి మసీదులో ఎన్ని ఉపన్యాసాలు విన్నామో! అందరూ సమానమని ప్రతి శుక్రవారం చెప్పేవాళ్లే. సంబంధాలు కలుపుకోవడం ఇప్పటికీ కష్టంగానే ఉంది, అబద్ధం చెప్పం. కానీ ఆ ఏడాది నుంచి సేమ్యా గిన్నెలు అటూ ఇటూ దాటాయి.

సారా సంగతి కూడా చెప్పాలి. మా జిల్లాలోనే, దూబగుంటలో, రోశమ్మ లాంటి ఆడవాళ్లు సారా అంగళ్ల మీదికి వెళ్లారు. రాత్రి బడుల నుంచి పుట్టిన కదలిక అది. 1992 నాటికి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. మా గల్లీలో ఎవరూ తాగరని మసీదు అనుకునేది. హరామ్ కదా. ఎవరి అబ్బా ఏ రాత్రి గోడ పట్టుకుని వచ్చేవాడో మాకు తెలుసు. ఊళ్లో ఆడవాళ్ల ఊరేగింపు జరిగిన రోజు మా అమ్మలు నలుగురు బుర్ఖాల్లోనే వెళ్లి వెనక వరసలో నడిచారు. తిరిగొచ్చాక ఒకామెకి దెబ్బలు పడ్డాయి. ఆమె మళ్లీ ఊరేగింపుకి పోలేదు, క్లాసు మాత్రం మానలేదు.

తరవాత క్లాసు ఆగిపోయింది. వాచకాలు అయిపోయాయి, ఆ పిల్లకి పెళ్లయింది. ఉద్యమం వెళ్లిపోయాక చాలామంది అక్షరాలు మరిచిపోయారు. మా గల్లీలో ఎవరు మరిచిపోలేదని చూస్తే, బడికెళ్లే చిన్నపిల్లలున్న తల్లులు. మా హోంవర్కు పుస్తకాలే వాళ్ల నాలుగో వాచకం. మేం రెండో తరగతి, మూడో తరగతి దాటుతుంటే మా అమ్మ కూడా దాటింది. అయిదు దగ్గర ఆమె ఆగింది, మేం ముందుకెళ్లాం.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదికలో ఒక అంకె ఉంది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశ సగటు 64.8. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం మాది రాష్ట్ర సగటు కన్నా ఎక్కువే. మావాళ్లు ఎక్కువగా పట్టణాల్లో ఉంటారు కదా, అది ఒక కారణం. ఆ అంకె చూపించి, మీకేం బాగానే ఉన్నారుగా అన్న మిత్రులు ఉన్నారు. రిక్షా తొక్కే అబ్బా సంతకం పెట్టడం, గల్లీలో అమ్మ వేలిముద్ర వేయడం ఒకే అంకెలో కలిసిపోతాయి. ఆ అంకెతో పట్టణం తెలుస్తుందేమో, గల్లీ తెలియదు.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. జనాభా రిజిస్టరు, పౌర రిజిస్టరు అని రోజుకో మాట. మా గల్లీలో ప్రతి ఇంట్లో సందూకులు తెరుచుకున్నాయి. అమ్మ కూడా తెరిచింది. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, మా బడి సర్టిఫికెట్లు మంచం మీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని ఒక్కోటీ చదివింది. అమ్మ పేరు నాలుగు కాగితాల్లో నాలుగు రకాలు. ఒకచోట ఒత్తు లేదు. ఒకచోట దీర్ఘం లేదు. ఒకచోట చివర బీ పోయి బేగం వచ్చింది. ఇంకోచోట ఆమె పేరు కింద మా నానీమా పేరు పడింది. అబ్బా పుట్టిన తేదీ జూలై 1. పక్కింటి ఆయనదీ జూలై 1. వీధి వీధంతా ఒకే రోజు పుట్టాం. ఎవరో గుమాస్తా ఎప్పుడో తోచింది రాశాడు, మావాళ్లు కింద బొటనవేలు నొక్కారు. ఏం రాశాడో అప్పుడు చదవగలిగుంటే అప్పుడే దిద్దించుకునేవాళ్లం.

మేం భయపడ్డాం. పట్నాల్లో ఉన్న మేం ఫోన్లు చేసుకున్నాం, లాయర్లని అడిగాం. అమ్మ అర్జీ రాసింది. మేం రాస్తామంటే వినలేదు. తెల్లకాగితం మీద, గుండ్రటి అక్షరాలతో, ఎక్కడెక్కడ తన పేరు ఎట్టా తప్పుందో, అసలు ఎట్టా ఉండాలో, ఒకటి కింద ఒకటి. మూడు తప్పులున్నాయి అందులో. ఒక ళ బదులు ల. మేం దిద్దబోతే, "ఉండనీ, అర్థమవుతుందిగా" అంది.

ఆఫీసులో కుర్రాడు అర్జీ తీసుకుని అలవాటుగా సిరా ప్యాడ్ ముందుకి తోశాడు. అమ్మ దాన్ని పక్కకి జరిపి కలం అడిగింది.

నెలలు గడిచాక దిద్దిన కార్డు వచ్చింది. మా చెల్లెలి కూతురు ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలో ఒకటో తరగతి. సాయంత్రాలు అమ్మ పక్కనే కూర్చుని ఏ, బీ, సీ దిద్దుతుంది. అమ్మ కూడా దిద్దుతుంది. జే దాకా వచ్చారు ఇద్దరూ. మొన్న బ్యాంకు పనికని ఆ కార్డు తీస్తే, ఆ పిల్లే ముందు తీసుకుని ఇంగ్లీషులో ఉన్న పేరు కూడబలుక్కుని చదివింది. కింద తెలుగులో ఉన్నది అమ్మ చదివింది. రెండుసార్లు చదివింది.

"దీర్ఘం మళ్లీ లేదు" అంది.

సోమవారం ఆఫీసుకి వెళ్లాలి. కొత్త అర్జీ రాసి పెట్టింది.